ఐసీయూ నుంచి వార్డుకి పేషెంట్‌ని షిఫ్ట్ చేయడం ఎలా? కొత్త స్టాఫ్ నర్సుల కోసం

ఐసీయూలో కొత్తగా చేరిన అమ్మాయిలు, అబ్బాయిలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. "అక్కా, వెంటిలేటర్ పేషెంట్‌ని స్కాన్‌కి తీసుకెళ్లమన్నా తీసుకెళ్తాం గానీ వార్డుకి షిఫ్ట్ చేయమంటే మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాం, అసలు ఏది ముందు చేయాలి?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాస్తున్నాను.

మర్చిపోవడం మీ తప్పొక్కటే కాదు. స్కాన్‌కి వెళ్లేటప్పుడు పేషెంట్ సీరియస్ అని అందరికీ తెలుసు కాబట్టి అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటారు. వార్డుకి వెళ్లేటప్పుడు "బాగయ్యాడు కదా" అనే ధీమా వచ్చేస్తుంది. కానీ ఐసీయూలో ఒక నర్సు చేతిలో ఒకరో ఇద్దరో పేషెంట్లు ఉంటే, వార్డులో ఒక్క నర్సే అంతకు ఎన్నో రెట్ల మందిని చూసుకోవాలి. మనిషి అదే, జబ్బు అదే, చూసే కళ్లు మాత్రం ఒక్కసారిగా తగ్గిపోతాయి. అంత తక్కువ చూపు సరిపోయేంతగా పేషెంట్ కోలుకున్నాడా, ఆ చూసేవాళ్లకి తెలియాల్సినవన్నీ తెలిశాయా అన్న రెండు విషయాలు మనసులో పెట్టుకుంటే కింద రాసిన స్టెప్పులన్నీ వాటంతటవే గుర్తుంటాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- డాక్టర్ రాసి సంతకం పెట్టిన షిఫ్టింగ్ ఆర్డర్. రౌండ్స్‌లో నోటిమాటగా "రేపు షిఫ్ట్ చేద్దాం" అన్నది ఆర్డర్ కాదు.
- వార్డులో బెడ్ రెడీగా ఉందని, ఆక్సిజన్ పాయింట్, సక్షన్ (కఫం లాగే మిషన్) పనిచేస్తున్నాయని వార్డు సిస్టర్ స్వయంగా చెప్పిన మాట.
- ఆక్సిజన్ సిలిండర్, దాన్ని తెరిచే కీ, ఫ్లోమీటర్.
- ఛార్జింగ్ ఉన్న ట్రాన్స్‌పోర్ట్ మానిటర్, అది లేకపోతే కనీసం పల్స్ ఆక్సీమీటర్.
- ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే బ్యాగ్), సరిపోయే సైజు మాస్క్.
- కేస్ షీట్, మందుల చార్ట్, రిపోర్టులు, ఫిల్ములు.
- పేషెంట్ సొంత వస్తువులు: కళ్లజోడు, చెవి మిషన్, పళ్ల సెట్, ఫోన్.
- మీతో కలిపి కనీసం ఇద్దరు మనుషులు, అందులో ఒకరు ఈ పేషెంట్‌ని ఆ రోజు చూసుకున్న నర్సే అయి ఉండాలి.

1. ముందురోజే ఐసీయూలో వార్డు రిహార్సల్ చేయండి

ఇది చాలామంది చేయరు, కానీ నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. రేపు షిఫ్టింగ్ అనుకున్నారంటే ఈ రోజు నుంచే, డాక్టర్‌ని అడిగి, ఆ పేషెంట్‌కి వార్డులో ఎలా జరుగుతుందో అలాగే ఇక్కడా జరపండి. ఆర్టీరియల్ లైన్ (బీపీ చూడ్డానికి ధమనిలో పెట్టిన ట్యూబు) తీసేసి కఫ్‌తో బీపీ చూడండి. గంటగంటకీ కాకుండా నాలుగు గంటలకోసారి బీపీ, పల్స్, శ్వాస లాంటి వైటల్స్ రాయండి (మానిటర్ వెనకాల ఆన్‌లోనే ఉంటుంది, భయం లేదు). డ్రిప్పుల్లో వెళ్లే మందుల్లో నోటి ద్వారా ఇవ్వగలిగినవి మార్చమని అడగండి. వార్డులో ఇవ్వగలిగే పద్ధతిలోనే ఆక్సిజన్ పెట్టండి, అంటే నేసల్ ప్రాంగ్స్ లేదా మామూలు మాస్క్. పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టండి.

ఇలా చేసిన ఆ ఒక్క రోజులో పేషెంట్ తట్టుకోలేకపోతే, ఆ సంగతి ఇక్కడే, డాక్టర్ పది అడుగుల దూరంలో ఉండగానే బయటపడుతుంది. సక్షన్ చార్ట్ కూడా ఒకసారి తిరగేయండి. రాత్రంతా రెండు గంటలకోసారి సక్షన్ చేయాల్సి వచ్చిన పేషెంట్‌కి వార్డులో అన్నిసార్లు ఎవరు చేస్తారు? ఈ ప్రశ్న రౌండ్స్‌లో అడగాల్సింది మీరే, ఎందుకంటే రాత్రి ఎన్నిసార్లు లేచి చేశారో మీకే తెలుసు.

నోరడ్రినలిన్ లాంటి బీపీ మందులు ఆపి ఎంతసేపైంది, గొంతులోని వెంటిలేటర్ ట్యూబ్ తీసి ఎంతసేపైంది అన్నవి మీ హాస్పిటల్ ప్రోటోకాల్‌తో సరిచూసుకోండి. ట్యూబ్ తీశాక మళ్లీ వేయాల్సి వచ్చే కేసులు ఎక్కువగా మొదటి 48 నుంచి 72 గంటల్లోనే ఉంటాయి కాబట్టి నిన్న సాయంత్రం ట్యూబ్ తీసి ఈ పొద్దున్నే వార్డుకి అంటే ఒకసారి ఆగి అడగండి. రిహార్సల్‌లో సగం నెగ్గి సగం నెగ్గని వాళ్లని, ఉంటే హెచ్‌డీయూకి (ఐసీయూకీ వార్డుకీ మధ్యస్థంగా ఉండే యూనిట్‌కి) పంపమని అడగడం మంచి మార్గం.

2. స్కోరు వేయండి, కంటిచూపుని నమ్మకండి

బయలుదేరే ముందు, షిఫ్టింగ్‌కి గంటలోపు, పూర్తి వైటల్స్ తీసి న్యూస్ 2 స్కోరు వేయండి, పేషెంట్ పరిస్థితి చెడుతోందేమో ముందే పసిగట్టే స్కోరు ఇది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీన్ని 2012లో తెచ్చి 2017లో సవరించింది. శ్వాస రేటు, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఆక్సిజన్ మీద ఉన్నారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్ అని ఏడు విషయాలు చూస్తుంది. మీ దగ్గర వేరే చార్ట్ ఉంటే అదే వాడండి, ఏదో ఒకటి వేయడం ముఖ్యం.

ఎందుకు ఇంత పట్టుపడుతున్నానో ఒక లెక్కతో చూపిస్తాను. పేషెంట్ మంచం మీద కూర్చుని మీతో మాట్లాడుతున్నారు అనుకోండి. రెండు లీటర్ల ఆక్సిజన్ మీద శాచురేషన్ 94, శ్వాస 22, బీపీ 108, పల్స్ 104, టెంపరేచర్ 37.2. చూడ్డానికి బాగానే ఉన్నారు, విడివిడిగా చూస్తే ఏ అంకె కూడా కంగారు పెట్టదు. ఇప్పుడు కూడండి: శ్వాసకి 2, శాచురేషన్‌కి 1, ఆక్సిజన్ మీద ఉన్నందుకు 2, బీపీకి 1, పల్స్‌కి 1. మొత్తం 7. న్యూస్ 2 ప్రకారం 5 వచ్చినా డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి, 7 అంటే ఎమర్జెన్సీ. అలాంటి పేషెంట్‌ని మనం ట్రాలీ ఎక్కిస్తున్నామన్నమాట. స్కోరు ఎక్కువ వచ్చినంత మాత్రాన షిఫ్టింగ్ ఆగిపోవాలని లేదు, కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఎప్పుడూ అంతే ఉంటుంది, కానీ ఆ నిర్ణయం డాక్టర్ చూసి తీసుకోవాలి, కారణం కేస్ షీట్‌లో ఉండాలి.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు శ్వాస రేటు. లెక్కపెట్టకుండా అందరికీ 18 లేదా 20 రాసేస్తారు. దయచేసి పేషెంట్‌కి చెప్పకుండా, పల్స్ చూస్తున్నట్టు చేయి పట్టుకుని, నిమిషం పాటు ఛాతీ కదలికలు లెక్కపెట్టండి. పరిస్థితి చెడబోతోందని అన్నిటికంటే ముందు చెప్పే అంకెల్లో ఇదొకటి.

జాగ్రత్త: ఈ స్కోరు 16 ఏళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి పనికిరాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) పేషెంట్లకి శాచురేషన్ టార్గెట్ 88–92, వాళ్లకి న్యూస్ 2లోని రెండో శాచురేషన్ స్కేల్ వాడాలి, ఆ టార్గెట్ వార్డు చార్ట్ మీద పెద్దగా రాయాలి. లేకపోతే వార్డులో 90 చూసి కంగారుపడి ఆక్సిజన్ పెంచేస్తారు.

3. లైన్లు, ట్యూబులు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూడండి

తల దగ్గర మొదలుపెట్టి కాళ్ల దాకా రండి. కనబడిన ప్రతి ట్యూబుకీ ఒకటే ప్రశ్న, ఇది ఇంకా ఎందుకు? జవాబు లేకపోతే తీయించండి.

ఆర్టీరియల్ లైన్‌తో వార్డుకి పంపకూడదు. అది ఊడితే రక్తం పోతుంది, అంతకంటే ఘోరం, మామూలు ఐవీ అనుకుని ఎవరైనా అందులో మందు ఎక్కించొచ్చు.

సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసిన ట్యూబు) తీసేటప్పుడు కూర్చోబెట్టి తీయకండి. పడుకోబెట్టి, వీలైతే తల కాస్త కిందికి దించి, ఊపిరి వదిలి బిగపట్టమని చెప్పి ఆ సమయంలో లాగాలి, కనీసం 5 నిమిషాలు అదిమి పట్టాలి, గాలి చొరబడని డ్రెసింగ్ వేయాలి, అరగంట పడుకునే ఉంచాలి. కూర్చున్న మనిషికి తీస్తే ఆ రంధ్రం గుండా గాలి రక్తనాళంలోకి లాక్కుని ప్రాణం మీదకి రావచ్చు. బయలుదేరే ముందు హడావుడిగా కాకుండా ముందే తీసేయమనేది ఇందుకే. లైన్ ఉంచాల్సి వస్తే ఎప్పుడు వేశారు, ఎందుకు ఉంచారు, ఎప్పుడు తీయాలి అన్నవి రాయండి.

మిగిలే క్యాన్యులాలని సెలైన్‌తో ఫ్లష్ చేయండి. లోపల మిగిలిపోయిన మత్తుమందో, కండరాలు సడలించే మందో వార్డులో యాంటీబయాటిక్ వేసినప్పుడు ఒక్కసారిగా లోపలికి వెళ్లి శ్వాస ఆగే ప్రమాదం ఉంది. యూరిన్ క్యాథెటర్ తీస్తే తీసిన టైమ్ రాయండి, సుమారు 6 గంటల్లో మూత్రం రాకపోతే చూడాలని వార్డుకి చెప్పండి.

ట్రాకియోస్టమీ (ఊపిరి కోసం మెడ ముందు భాగంలో చేసిన రంధ్రం) ఉంటే అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి, పనిచేసే సక్షన్, ఇవన్నీ పేషెంట్ వెళ్లకముందే అక్కడి బెడ్ పక్కన ఉండాలి. ఆ వార్డు వాళ్లకి ట్రాకియోస్టమీ చూసే అలవాటు లేకపోతే అలవాటున్న వార్డే అడగండి.

4. మందుల లిస్టు: మూడు కాగితాలు పక్కపక్కన పెట్టండి

జబ్బు చేయకముందు ఇంట్లో వేసుకునేవి ఒకటి, ఐసీయూలో నడుస్తున్నవి రెండు, వార్డులో ఇవ్వాల్సినవి మూడు. ఈ మూడింటినీ డాక్టర్‌తో కలిసి వరుసగా చూడండి. రెండు రకాల తప్పులు బయటపడతాయి.

మొదటిది, ఆపాల్సినవి ఆగకపోవడం. వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు కడుపులో పుండ్లు రాకుండా మొదలుపెట్టిన యాసిడ్ మందు, రాత్రి కలవరింతలకని మొదలుపెట్టిన క్వెటియాపిన్, హాలోపెరిడాల్ లాంటివి వార్డుకి వెళ్తాయి, అక్కడి నుంచి డిశ్చార్జ్ కాగితం మీదకి ఎక్కుతాయి, ఎందుకు మొదలుపెట్టారో ఎవరికీ తెలియకుండా ఇంట్లో నెలల తరబడి వేసుకుంటూనే ఉంటారు. ప్రతిదానికీ కారణం, ఆపే తేదీ రాయించండి. యాంటీబయాటిక్ అయితే ఈ రోజు ఎన్నో రోజు, ఇంకా ఎన్ని రోజులు, ఏ కల్చర్ రిపోర్ట్ రావాలి అన్నది కూడా.

రెండోది, మళ్లీ మొదలుపెట్టాల్సినవి మొదలుపెట్టకపోవడం. థైరాయిడ్ మాత్ర, ఫిట్స్ మందు, గుండె మందులు, ఇన్‌హేలర్, డిప్రెషన్ మందు ఐసీయూలో చేరిన మొదటి రోజు "తాత్కాలికంగా ఆపండి" అన్నవి అలాగే ఆగిపోతాయి. ఇంట్లో ఏం వేసుకునేవారో బంధువులని అడగండి, మందుల సంచి తెప్పించి చూస్తే ఇంకా మంచిది.

ఇన్సులిన్ డ్రిప్ విషయం ప్రత్యేకం. డ్రిప్ ఆపాక దాని ప్రభావం నిమిషాల్లో పోతుంది, కాబట్టి చర్మం కింద ఇచ్చే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ సుమారు 2 గంటల ముందే పడి ఉండాలి. డ్రిప్ ఆపి ట్రాలీ ఎక్కించి "వార్డులో వేస్తారులే" అనుకుంటే, అక్కడ ఆర్డర్ రాసేలోపు షుగర్ ఎక్కడికో వెళ్తుంది.

చివరిగా, ప్రతి మందు పక్కనా ఆఖరి డోసు ఇచ్చిన టైమ్ రాయండి. ఇది లేకపోతే వార్డులో డబుల్ డోసు పడుతుంది, లేదా అసలు పడదు.

5. మింగగలరా లేదా చూడండి

ట్యూబ్ ఎక్కువ రోజులు ఉండి తీసినవాళ్లకి మింగడం కష్టమవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, మీ హాస్పిటల్ స్వాలో టెస్ట్ పద్ధతి ప్రకారం, చెంచాడు నీళ్లతో మొదలుపెట్టండి. దగ్గినా, గొంతు గరగరమని తడిగా వినిపించినా ఆపి డాక్టర్‌కి చెప్పండి. కొందరికి దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అనుమానం ఉంటే స్పీచ్ థెరపిస్ట్ చూసేదాకా నోటితో వద్దు. నోటితో వద్దంటే ఆ మాట బంధువులకి కూడా చెప్పాలి, వార్డులో ప్రేమకొద్దీ పెట్టేది వాళ్లే.

6. పేషెంట్‌కీ బంధువులకీ ముందే చెప్పండి

పొద్దున్నే ట్రాలీ తెచ్చి "పదండి" అంటే భయపడతారు. ఇన్నాళ్లూ మానిటర్ కూతలు వింటూ, అది కూస్తేనే బతికున్నట్టు అనుకున్న మనిషికి, ఒక్కసారిగా ఏ మిషన్ లేని గది అంటే ఎంత టెన్షనో మన అలవాటైన కళ్లకి కనిపించదు. వీలైతే ముందురోజే చెప్పండి, ఇలా: "మీకు ఇప్పుడు గంటగంటకీ చూడాల్సిన అవసరం తగ్గింది. వార్డులో మానిటర్ ఉండదు, నర్సు కొన్ని గంటలకోసారి వచ్చి చూస్తారు. ఊపిరి ఆడనట్టున్నా, మనిషి తేడాగా మాట్లాడుతున్నా ఆగకుండా బెల్ నొక్కండి." నీరసం, పీడకలలు, మతిమరుపు కొన్ని వారాలు, నెలలు కూడా ఉండొచ్చని, అది ఐసీయూ నుంచి బయటపడ్డ చాలామందికి ఉండేదేనని చెప్తే వాళ్లు తర్వాత కంగారుపడరు.

7. టైమ్ చూసుకోండి

రాత్రి షిఫ్టింగ్ మంచిది కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2007లోనే రాత్రి 10 నుంచి ఉదయం 7 మధ్య ఐసీయూ నుంచి వార్డుకి మార్చడం వీలైనంతవరకు మానమంది, తప్పనిసరై చేస్తే దాన్ని అవాంఛనీయ ఘటనగా నమోదు చేయమంది. దీనికి తోడు డ్యూటీలు మారే అరగంట కూడా వద్దని నేను చెప్తాను, అప్పుడు చెప్పేవాళ్ల మనసు ఇంటి మీద, వినేవాళ్ల మనసు మిగతా బెడ్ల మీద ఉంటుంది.

8. దారిలో

సిలిండర్ లెక్క వేయండి. ఈ-సైజు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 680 లీటర్లు. గేజ్ పావు వంతు చూపిస్తే మిగిలింది 170 లీటర్లు, నిమిషానికి 10 లీటర్లు పోతుంటే 17 నిమిషాలు. లిఫ్ట్ దగ్గరే పది నిమిషాలు ఆగాల్సి వచ్చిన రోజులుంటాయి, అందుకే పట్టే టైమ్‌కి కనీసం రెట్టింపు ఉండాలి. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే. ఛాతీ డ్రెయిన్ బాటిల్ ఛాతీ కంటే కింద ఉండాలి, డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప దాన్ని క్లాంప్ చేయకండి, లోపల గాలి పేరుకుని ఊపిరి ఆడదు. మీరు తల వైపు నడవండి, ముఖం కనిపిస్తుంది.

9. బెడ్ దగ్గర హ్యాండోవర్

కౌంటర్ దగ్గర ఫైల్ పెట్టి వెనక్కి వచ్చేయడం హ్యాండోవర్ కాదు. ముందు పేషెంట్‌ని బెడ్ మీదకి మార్చండి, ఆక్సిజన్ గోడకి తగిలించండి, అప్పుడు మాట్లాడండి. ఇద్దరూ ఒకేసారి పని చేస్తూ మాట్లాడుకుంటే సగం వినబడదు. ఎస్‌బార్ వరుసలో చెప్పండి: ఇప్పుడెలా ఉన్నారు, ఎందుకొచ్చారు ఏం జరిగింది, మీ అంచనా ఏంటి, ఏం చేయాలి. ఇరవై రోజుల చరిత్ర మొత్తం చెప్పనక్కర్లేదు.

కానీ ఒక్క వాక్యం మాత్రం వదలొద్దు, మీకు ఈ పేషెంట్ గురించి దేనికి భయంగా ఉందో చెప్పండి. "శ్వాస 25 దాటితే కఫం పేరుకున్నట్టు, ముందు ఫిజియోని, డాక్టర్‌ని పిలవండి" అన్నట్టు, ఇలా అయితే ఇలా చేయండి అని. తర్వాత వార్డు సిస్టర్‌ని తిరిగి చెప్పమనండి. పరీక్ష పెడుతున్నట్టు కాకుండా "నేనేమైనా మిస్ అయ్యానా, ఒకసారి చెప్పండి సిస్టర్" అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

దుప్పటి తీసి నడుము కింద, మడమలు, తల వెనక ఇద్దరూ కలిసి చూసి, పుండ్లు ఉంటే సైజుతో సహా రాయండి.

సొంత వస్తువుల విషయంలో నా చేతుల మీద జరిగింది ఒకటి చెప్పాలి. ఒక పెద్దావిడని షిఫ్ట్ చేశాను, అన్నీ సరిగ్గానే చేశాననుకున్నాను. మర్నాడు వార్డు నోట్స్‌లో "అయోమయంగా ఉన్నారు, అడిగినదానికి పొంతన లేని జవాబులు" అని ఉంది, నిద్రమందు కూడా రాశారు. వెళ్లి చూస్తే ఆవిడ నా పెదాలవైపే చూస్తున్నారు. చెవి మిషన్ ఐసీయూ డ్రాయర్‌లో, దూదిలో చుట్టి నేనే పెట్టింది, అక్కడే ఉంది. తెచ్చి పెట్టాక అడిగినవాటన్నిటికీ చక్కగా జవాబు చెప్పారు. అప్పటినుంచి డ్రాయర్ ఖాళీ చేసి, తెరిచి ఉంచి, అప్పుడే బెడ్ దగ్గర నుంచి కదులుతాను. నిజంగా డెలిరియం (జబ్బు వల్ల వచ్చే అయోమయం) ఉన్నవాళ్లకి కూడా కళ్లజోడు, చెవి మిషన్ సగం మందు. అలాగే గొడవ చేసేవాళ్లకే డెలిరియం అనుకోకండి, ఉలుకూ పలుకూ లేకుండా పడుకునే వాళ్లదే ఎక్కువగా దొరక్కుండా పోతుంది.

బెడ్ అర్జెంటుగా కావాలంటే?

ఎమర్జెన్సీలో పేషెంట్ ఎదురుచూస్తుంటే పైన చెప్పినవన్నీ కుదరవు, అది నాకు తెలుసు. అలాంటప్పుడు కూడా నాలుగు మాత్రం వదలకండి: స్కోరు, సిలిండర్ లెక్క, ఆఖరి డోసు టైమ్‌లతో మందుల లిస్టు, బెడ్ దగ్గర హ్యాండోవర్. మిగిలిపోయినవి కాగితం మీద రాసి "ఇవి చేయలేదు" అని వార్డుకి చెప్పండి. చేయలేదని చెప్తే వాళ్లు చేసుకుంటారు, చెప్పకపోతే జరిగిపోయాయనుకుంటారు.

10. సరిగ్గా జరిగిందో లేదో ఇలా చూసుకోండి

వదిలి వచ్చే ముందు అక్కడే ఒకసారి వైటల్స్ తీసి, బయలుదేరే ముందు అంకెలతో పోల్చండి. తేడా ఉంటే వెనక్కి రాకండి, వార్డు డాక్టర్‌ని పిలిపించండి. మొదటి కొన్ని గంటలు వార్డు అలవాటు కంటే తరచుగా చూడమని ఆర్డర్‌లో రాయించండి.

మర్నాడు, ఔట్‌రీచ్ టీమ్ (వార్డుల్లోకి వెళ్లి పేషెంట్లని చూసే ఐసీయూ బృందం) ఉంటే వాళ్లు, లేకపోతే మీరే పది నిమిషాలు వెళ్లండి. మందుల చార్ట్ తెరిచి షిఫ్ట్ అయిన రోజు సాయంత్రం డోసులన్నీ పడ్డాయా చూడండి, ఎక్కువగా తప్పిపోయేది అదే పూట. మూత్రం వచ్చిందా, ఏం తిన్నారు, రాత్రి నిద్రపోయారా, స్కోరు ఎటు వెళ్తోంది అడగండి. శ్వాస రేటు గడులన్నిట్లో 20 అనే ఉంటే మీరే చేయి పట్టుకుని లెక్కపెట్టండి. ఆ తర్వాత వార్డు సిస్టర్‌ని అడగండి, "నేను చెప్పనిది ఏదైనా రాత్రి మీకు అవసరం పడిందా?" అని. ఆ జవాబు మీ షిఫ్టింగ్ చెక్‌లిస్ట్ వెనకాల పెన్నుతో రాసుకోండి.